తొక్క తీయని అరటికాయలు

గుమ్మడికోన అడవిలో జింకలు, కుందేళ్ళు, అడవిపందులు, ఒక నెమలి, ఒక ముసలి ముళ్ళపంది ఉండేవి. వానాకాలంలో అక్కడ దొరికేవి పచ్చి అరటికాయలే. వాటిని ఒకే పొయ్యి మీద వండుకుని అందరూ కలిసి తినేవారు.

ఆ పొయ్యి ఏనాటినుంచో ముళ్ళపంది సూదమ్మది. ఆమె అరటికాయకు తొక్క తీసేది కాదు. కుండలో కాసిని నీళ్ళు పోసి, మూతికి గుడ్డతో వాసెన కట్టి, దాని మీద కాయలు పేర్చి, మూతపెట్టి ఆవిరికి ఉడికించేది. తొక్క నల్లబడేది. లోపల కాయ వెన్నలా ఉండేది.

ఒకరోజు నెమలి పింఛయ్య ముక్కు చిట్లించాడు.

"ఇదేం వంట అవ్వా? బొగ్గుల్లా ఉన్నాయి! చూస్తేనే ఆకలి చచ్చిపోతోంది."

అందరూ నవ్వారు. జింక చుక్కమ్మ కూడా నవ్వింది.

సూదమ్మ గరిటె అక్కడే పడేసింది. "అయితే నువ్వే వండు నాయనా. పిలిచేదాకా నేనిటు తొంగిచూడను" అని పొదలోకి వెళ్ళిపోయింది. ఎవరెవరు నవ్వారో, ఎవరెంత నవ్వారో అంతా గుర్తుపెట్టుకుని మరీ వెళ్ళింది.

పింఛయ్య వంట చూడముచ్చటగా ఉండేది. తొక్క మందంగా చెక్కేవాడు. ముక్కలు తరిగి, కడిగిందే కడిగి, కడవెడు నీళ్ళలో కుతకుత ఉడికించేవాడు. ఆ నీళ్ళు కాస్తా కింద వాలులోకి వంచేసేవాడు. ముక్కలు మల్లెపూలే!

ఇంతలో వానలు ముదిరాయి. వాగు పొంగేలోపు అందరూ అవతలి కొండకు చేరాలి. చుక్కమ్మ కూతురు మిణుకుకు జ్వరం వచ్చి తగ్గింది. పూటపూటా తెల్లటి ముక్కలు తింటోంది కానీ, లేచి నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి. ఇక వాగేం దూకుతుంది?

చుక్కమ్మ పొద దగ్గరకు పరుగెత్తింది. "అవ్వా, నా బిడ్డను నువ్వే కాపాడాలి."

"ఆ రోజు పళ్ళన్నీ కనబడేలా నవ్వావుగా?"

"నవ్వాను. తప్పే. తిట్టుకుంటూనే రా అవ్వా."

సూదమ్మ తిట్టుకుంటూనే వచ్చింది. వస్తూ వస్తూ వాలు దగ్గర ఆగింది. అక్కడ పందిపిల్లలు గుమ్మడికాయల్లా దొర్లుతున్నాయి.

"ఏం తింటున్నార్రా ఇంత బొద్దుగా ఉన్నారు?"

"తినడం కాదవ్వా, తాగడం! పింఛయ్య మామ పారబోసే నీళ్ళు భలే ఉంటాయి!"

సూదమ్మ నెమలివైపు తిరిగింది. "విన్నావా? సారం వీళ్ళ పొట్టలోకి, పిప్పి ఆ పసిదాని పొట్టలోకి!"

"తొక్క ఉంటే మాత్రం తేడా ఏముంటుంది?" అన్నాడు పింఛయ్య.

"తొక్క ఇంటికి తలుపులాంటిది. తలుపు ఊడబెరికి వరద వదిలితే ఇంట్లో సామాను మిగులుతుందా?"

మళ్ళీ వాసెన కట్టారు. పింఛయ్యకు నమ్మకం కుదరలేదు. మెడ చాచి మూత ఎత్తాడు. గుప్పున ఆవిరి కొట్టింది. తలమీది తురాయి తడిసిన గడ్డిపోచలా వాలిపోయింది. అందరికంటే గట్టిగా సూదమ్మే నవ్వింది.

మిణుకు ఆ కాయలు తింది. కుండ అడుగు నీళ్ళూ తాగింది. నాలుగు రోజులకు గెంతడం మొదలుపెట్టింది. వాగు దాటే రోజున తల్లికంటే ముందు దూకేసింది!

కొండమీద పింఛయ్య బెరుకుగా పొయ్యి దగ్గరకు వచ్చాడు. సూదమ్మ ఏరి ఏరి అన్నిటికంటే నల్లటి కాయ తీసింది.

"బొగ్గు నాయనా. తింటావా?"

పింఛయ్య కళ్ళు మూసుకుని తొక్క ఒలిచి తిన్నాడు. కళ్ళు తెరిచి, "అవ్వా, ఇంకో బొగ్గు" అన్నాడు.

నీతి: కంటికి నచ్చాలని ఒంటికి పట్టేదాన్ని పారబోసుకోకూడదు.