తుప్పు చెప్పిన సాక్ష్యం

ఒక రాజ్యంలో కమ్మరి పేరమ్మ సైనికులకు మడతకత్తులు చేసి ఇచ్చేది. ఒక వానాకాలం వెళ్లేసరికి వాటన్నిటికీ తుప్పు పట్టింది. ఆయుధశాల అధికారి దండపాణి ఆమెను కొలువుకు ఈడ్చుకొచ్చాడు.

"మహాప్రభూ, ఇది నాసిరకం ఉక్కు. ఈ పేరమ్మ కొలిమి మూయించి, పరదేశి వర్తకుడి తెల్ల ఉక్కు కత్తులు కొందాం. వాటికి తుప్పే పట్టదు!"

కొలిమి పోతే పేరమ్మకు బతుకే లేదు. అయినా ఆమె బెదరలేదు.

"తెల్ల ఉక్కు మంచిదే ప్రభూ. నా ఉక్కు ఏ రాతి మీద నూరినా ఇట్టే పదునెక్కుతుంది, కాకపోతే రోజూ ఆముదం రాయాలి. రాయించారా అయ్యా?"

"కోట నుంచి నెలనెలా వచ్చిన ఆముదమంతా చుక్క మిగల్చకుండా పూయించాను!" అని గర్జించాడు దండపాణి.

పేరమ్మ రేవులో పడవ నడిపే తిమ్మన్నను పిలిపించి, అతని మడతకత్తి విప్పి రాజు చేతిలో పెట్టింది.

"ఇదీ ఆ ఉక్కే ప్రభూ. మూడేళ్లుగా నీళ్ల మీదే ఉంది. ఇంట్లో దీపానికి పోయగా మిగిలిన ఆముదం రాసుకుంటాడు, అంతే."

కత్తి మీద మచ్చయినా లేదు. రాజు దండపాణి వైపు తిరిగాడు.

"తెల్ల కత్తులైతే ఆముదం అందకపోయినా ఆ సంగతి బయటపెట్టవు ప్రభూ," అంది పేరమ్మ. "అందుకే అయ్యగారికి అవి నచ్చాయి."

ఆ పూటే దండపాణి ఇంటి అటక మీద ఇరవై కుండల ఆముదం దొరికింది.