నూకాలు మేక తిన్న మల్లెపొద

రాక్షస నామ సంవత్సరం, మాఘ బహుళ తదియ, బుధవారం. ఉదయం తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. విజయనగరంలో సోమిదేవి ఇంటి పెరటి తడిక దగ్గరికి వరహాలమ్మ గారు వచ్చిన వేళ అది. సోమిదేవి అత్తగారు పంచాంగం అంచున పెన్సిలుతో రాసి పెట్టుకున్నారు కాబట్టి ఇందులో పొరపాటు లేదు.

వరహాలమ్మ గారు ఆ పేటలో ఆడవాళ్ళకు గీత చెప్పేవారు. డెబ్బై దాటిన మనిషి. మంత్రోపదేశం కావాలని వచ్చిన వాళ్ళకు పెద్ద పరీక్షలేమీ పెట్టేవారు కారు. చిన్న మల్లె అంటు ఒకటి చేతిలో పెట్టి, "దీని తొలి పువ్వు పట్టుకురా, అప్పుడు చెబుతాను" అనేవారు. అంతే.

సోమిదేవి ఆ అంటు పాతి మూడో ఏడు నడుస్తోంది.

ఏ పని చేసినా నిండుగా చెయ్యడం ఆమె స్వభావం. తెల్లవారకుండానే లేచి పదకొండు స్తోత్రాలు పైకి చదివేది. వీధి మలుపు దాకా వినిపించేది. శనివారం ఉపవాసం, ఏకాదశి ఉపవాసం, వీటికి తోడు నోములు. మల్లెకూ అదే లెక్క. రోజూ ఇరవై చెంబుల నీళ్ళు, బియ్యం కడుగు, నెలకోసారి పేడ ఎరువు, పండగ వస్తే తెలగపిండి. పొద గోడెత్తు పెరిగింది. ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడేవి. రెండు వేసవులు వచ్చి వెళ్ళాయి. ఒక్క మొగ్గ వెయ్యలేదు.

ఆమెతో పాటే అంటు తీసుకున్న కనకవల్లికి మొదటి ఏడే పూసింది. పొయ్యి మీద పప్పు పెట్టి మరిచిపోయే మనిషి కనకవల్లి, ఇక చెట్టుకేం నీళ్ళు పోస్తుంది! ఆవిడకు ఉపదేశమూ అయిపోయింది. సోమిదేవి ఆ మాట తలుచుకుని అన్నం ముందు కూచుని తినకుండా లేచిన రోజులున్నాయి. మంగళవారం సాయంత్రం ఇక పట్టలేక అడిగేసింది.

"నాలో ఏం లోపం ఉంది అమ్మగారూ? ఈ వేసవికీ పూయకపోతే నాకు ఈ జన్మకింతేనా?"

"రేపు వచ్చి చూస్తానులే" అన్నారు ఆవిడ.

అలా వచ్చారు. పొద చుట్టూ ఒకసారి తిరిగారు. కింద మట్టి వేలితో తాకి చూశారు. బురదగా ఉంది.

"బాగా పెంచావే" అన్నారు.

"మీ దయ" అంది సోమిదేవి. ఆ మాట వినడానికే రెండేళ్ళు కాచుకున్నట్టు ఆమె మొహం విప్పారింది.

తడిక అవతల సందులో నూకాలు మేక నిలబడి ఉంది. నూకాలు ఆ సందులోనే కాపురం, మేకపాలు అమ్ముకునేది. ఆ మేక మల్లెపొద వైపు మెడ చాస్తే సోమిదేవి కర్ర పట్టుకోని రోజు లేదు. వరహాలమ్మ గారు వెళ్ళి తడిక ఎత్తి పక్కన పెట్టారు. మేక ఒకసారి కర్ర ఎక్కడుందో చూసుకుని లోపలికి వచ్చింది.

"అమ్మగారూ! మేక!"

"అవును, మేకే."

సోమిదేవి పరుగెత్తబోయింది. ఆవిడ ఆమె ముంజెయ్యి పట్టుకుని నూతి గట్టు మీద కూచోబెట్టారు. ముసలి చెయ్యే గాని విడిపించుకోవడం కుదరలేదు. మేక కింది కొమ్మలు తిని, ముందు కాళ్ళు గోడకు ఆనించి పై కొమ్మలు అందుకుంది. ఆకు తెంపిన చప్పుడు వినిపించినప్పుడల్లా సోమిదేవి కళ్ళు మూసుకునేది.

ఇంతలో నూకాలు వెతుక్కుంటూ వచ్చింది.

"అయ్యబాబోయ్! తాడు తెంపుకొచ్చీసిందా నా ముండ! తప్పయిపోనాది అమ్మగోరూ, నన్నేటనకండి, తోలీసుకుపోతాను."

"ఉండవే నూకాలూ, దాన్ని తిననీ. నేనే పిలిచాను" అన్నారు వరహాలమ్మ గారు.

నూకాలు పొద వంక చూసింది, కాళ్ళకింద బురద చూసింది. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నవ్వేసింది.

"అయితే ఎరికే సేసినారన్నమాట. మా కన్నోరింటికాడా ఇంతేనమ్మా. ఈ నెలలో మల్లితోటకి నీళ్ళాపీసి మేకల్ని తోలీవోరు. ఆకుండగా అదెందుకు పూస్తాదీ? కడుపు నిండినోళ్ళకి పనేటి?"

సోమిదేవి మేక వంక చూసింది. రోజూ కర్ర పట్టుకుని తరిమింది దీన్నేనా?

పది దాటేసరికి పొదలో పుల్లలు మిగిలాయి. వాటి మధ్య నుంచి అవతలి గోడ కనిపిస్తోంది. నూకాలు మేకను తోలుకుని వెళ్ళిపోయింది. వరహాలమ్మ గారు తడిక మళ్ళీ యథాస్థానంలో పెట్టారు.

"నేల నెర్రె విచ్చేదాకా చుక్క నీరు పొయ్యకు."

"మరి పొద్దున్నే నీళ్ళు పోసే వేళప్పుడు నేనేం చెయ్యాలి అమ్మగారూ?"

"ఊరికే కూచో."

సోమిదేవి పుల్లల వంక చూస్తూ ఉండిపోయింది. ఆవిడ ఎప్పుడు వెళ్ళారో గమనించలేదు.

మర్నాడు తెల్లవారుజామున ఆమె భర్త జగ్గారావు గారికి మెలకువ వచ్చింది గాని స్తోత్రాలు వినిపించలేదు. "సోమీ, ఒంట్లో బాగాలేదా?" అంటూ పూజ గది గుమ్మం దాకా వచ్చారు. లోపల ఒక దీపం వెలుగుతోంది. ఆమె దాని ముందు కూచుని ఉంది. పుస్తకాల కట్ట ముడి విప్పలేదు. ఆయన అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి తిరిగి, వెళ్ళి, లేవగానే తాను పెట్టిన రేడియో కట్టేశారు.

అత్తగారు నూతి దగ్గరికి వెళ్ళి, నీళ్ళు పోసే ఇత్తడి చెంబు తోమి, గట్టు మీద బోర్లించారు.