నాలుగు మూరల శౌర్యం

సముద్రాన్ని ఆనుకుని సాగరగిరి అనే ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే విజయకేతనుడికి ఆడంబరమంటే ప్రాణం. పొరుగు రాజు నౌకాదళం పెట్టాడని విని తానూ ఏడు ఓడలు కట్టించాడు. నావికులు చూడముచ్చటగా ఉండాలని శాసనం రాయించి ముద్ర వేశాడు.

"నాలుగు మూరల ఎత్తు, మచ్చలేని దేహం, మెలితిరిగిన మీసం ఉన్నవారే నావికులు. ఎత్తు తక్కువైనవాడు ఎవడైనా సరే, నా ఓడ ఎక్కరాదు."

ఎంపికకు కొర్లయ్య అనే జాలరి వచ్చాడు. పొట్టి మనిషి. గాలివానలో మునిగిపోతున్న వర్తకుల ఓడ నుంచి పదకొండు మందిని ఒడ్డుకు చేర్చినవాడు. ఆ రోజే మోకు బిగుసుకుని ఎడమచేతి వేళ్ళు రెండు తెగిపోయాయి.

నౌకాధిపతి రణభేరుండుడు కొలకర్ర ఆనించి నవ్వాడు. "జానెడు తక్కువ. పైగా వేళ్ళు ఎనిమిదే!"

"తక్కిన రెండూ సముద్రంలోనే పోయాయి దొరా. కూరలు తరుగుతూ పోగొట్టుకోలేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. నౌకాధిపతి ముఖం ఎర్రబడింది.

"సరే, నీకూ ఒక కొలువిస్తాను. ఈ కర్ర పట్టుకుని ఓడ నిచ్చెన దగ్గర నిలబడు. కొలతకు తగ్గినవాణ్ణి ఎక్కనివ్వకు."

కొర్లయ్యకు ఒళ్ళు మండింది. కర్ర విసిరికొట్టి పోదామనుకున్నాడు. అంతలో ఒక కొత్త నావికుడు కళ్ళు గట్టిగా మూసుకుని, తాడు పట్టుకుని వణుకుతూ నిచ్చెన ఎక్కడం కనిపించింది. పాపం, నీళ్ళు చూసి ఎరగడు. ఇలాంటివాళ్ళను నడిసముద్రంలోకి పంపితే ఒక్కడైనా తిరిగొస్తాడా అనిపించింది.

"ఎవరొచ్చినా ఆపాలా దొరా?"

"ఎవరొచ్చినా!"

ఓడలు బయలుదేరే రోజున భేరీలు మోగుతుండగా రాజు రేవుకు వచ్చాడు. అందరికన్నా పొడుగైన నావికుడికి వీరకంకణం తొడగాలని ఆయన ముచ్చట. నిచ్చెన మీద అడుగు వేయబోతుంటే కొర్లయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగండి మహారాజా. కొలవాలి."

భేరీలు ఆగిపోయాయి. నౌకాధిపతి కత్తి దూశాడు.

"నన్నే కొలుస్తావురా?" అన్నాడు రాజు.

"ఎవడైనా సరే అని శాసనంలో ఉంది ప్రభూ. కింద తమ ముద్ర ఉంది." కొర్లయ్య కర్ర నిలబెట్టి చూశాడు. "కిరీటంతో కలిపినా నాలుగు వేళ్ళు తక్కువ. వెనక్కి దయచేయండి."

"నీ తల తీయిస్తాను!"

"తీయించండి. నేను ఇంకాస్త పొట్టివాణ్ణవుతాను. తమరు మాత్రం పెరగరు."

రాజు మండిపడ్డాడు. "పదహారేళ్ళకే కోటగోడ దూకి శత్రువుల మధ్య ఒంటరిగా కత్తి తిప్పినవాణ్ణి! నా శౌర్యాన్ని కర్రతో కొలుస్తావా?"

"కొలవచ్చని రాయించింది తమరే ప్రభూ, నేను కాదు."

అంతలో ఓడ అంచున నిలబడిన ఆరడుగుల వీరుడొకడు, లంగరు వేసి ఉన్న ఓడ ఊగిన ఊపుకే, నీళ్ళలోకి వాంతి చేసుకున్నాడు. రాజు అతన్ని చూశాడు, కర్రను చూశాడు. పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. కిరీటం జారిపోతుంటే పట్టుకుని మరీ నవ్వాడు.

"శాసనం రద్దు! రేపటి నుంచి ఎంపిక నీళ్ళలో. పరీక్ష పెట్టేది నువ్వే. ముందు ఆ చెయ్యి ఇలా ఇయ్యి" అంటూ వీరకంకణం తీశాడు.

కొర్లయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు ప్రభూ. ఆ గాలివానలో దూకింది ఇద్దరం. పన్నెండోవాడి కోసం కామన్న మళ్ళీ వెళ్ళాడు, ఇక రాలేదు. వాళ్ళమ్మ పైడమ్మ ఆ ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. నీ కొడుకు వీరుడమ్మా అని ఇంతవరకూ ఒక్కరూ ఆమెతో అనలేదు."

రాజు నవ్వు ఆగిపోయింది. పల్లకీ వద్దని, ఇసుకలో నడిచి వెళ్ళాడు. కాకుల్ని తోలుతున్న పైడమ్మ తలెత్తకుండానే కసిరింది.

"చేపలు తొక్కేస్తావు, పక్కకు జరుగు నాయనా."

రాజు నవ్వి పక్కకు జరిగాడు. కిరీటం తీసి, వంగి, కంకణం ఆమె చేతిలో పెట్టి, కామన్న పేరు పలికాడు.