దారిచ్చిన తల్లి పక్కకు జరిగిన వైనం

నీలిగెడ్డపాలెం ఇసుకమెట్ట మీద, సముద్రానికి ఎదురుగా, దారిచ్చిన తల్లి కొలువై ఉన్నది. గర్భగుడిలోకి తొంగిచూసిన యాత్రికులు మొదట తెల్లబోతారు. పీఠం నడుమ ఖాళీగా ఉంటుంది. అమ్మవారు కుడివైపు గోడవారగా, ఎవరికో దారి వదిలినట్టు నిలబడి ఉంటుంది. శిల్పి పొరపాటేమో అనుకోకండి. పొరపాటు చేసింది ఒక తండేలు, అంటే పడవ నడిపే పెద్ద.

పూర్వం ఇక్కడ ఈ తల్లిని గంగమ్మ అనే పిలిచేవారు. అవి ఈ తీరానికి పొగఓడలు కొత్తగా రాసాగిన రోజులు. వస్తున్న ఓడ ముక్కుకు అడ్డంగా పడవను దాటిస్తే, వెంటపడిన దిష్టిని ఓడ నరికేస్తుందని, ఆనాడు వల నిండుతుందని పాలెంలో ఒక నమ్మకం పుట్టింది. అలా దాటించడంలో దానయ్య తండేలుకు పెద్ద పేరు. ఒడ్డున జనం ఈలలు వేస్తుంటే అతడికి నేల మీద కాలు నిలిచేది కాదు.

ఒకనాటి ఉదయం పడవలో అతడూ, అతడి భార్య అసిరమ్మకు తమ్ముడైన ఎల్లాజీ, ఇద్దరే ఉన్నారు. ఓడ కనబడగానే దానయ్య చుక్కాని అటు తిప్పాడు.

“ఒద్దు బావా, ఆగు. ఓడెనక నుంచి ఎల్దాం,” అన్నాడు ఎల్లాజీ.

“బయమైతే కళ్లు మూసుకోరా,” అని దానయ్య నవ్వాడు.

ఓడ దగ్గరపడి గాలికి గోడలా అడ్డం నిలిచింది. తెరచాప చచ్చుబడి వేలాడింది. అంతెత్తున ఉన్న ఓడవారికి ముక్కు కింద ఉన్న పడవ కనబడదు. కనబడినా అంత బరువు ఉన్నపళంగా ఆగదు. పడవ రెండు ముక్కలైంది. దానయ్య ఒక చెక్క పట్టుకుని ఒడ్డుకు చేరాడు. ఎల్లాజీ చేరలేదు.

చుక్కాని ఎవరి చేతిలో ఉందని పెద్దలు అడిగారు. “ఎల్లాజీ సేతిలో,” అన్నాడు దానయ్య.

ఇంటికి వెళ్లగానే అసిరమ్మ అతడి కాళ్ల మీద పడింది. “మా తమ్ముడి వల్ల నీ పేనం మీదకొచ్చింది మావా. ఆడి బదులు నన్ను తిట్టు,” అని ఏడ్చింది. ఆమె వడ్డించిన అన్నం వదిలి అతడు లేచిపోయాడు. సిగ్గుతో చచ్చిపోతూ, ఆమె మొహం చూడలేక, వలల దగ్గరే పడి ఉండసాగాడు.

అక్కడే ఒక మధ్యాహ్నం కునుకు పట్టగా కల వచ్చింది. నడిసముద్రంలో గంగమ్మ నిలబడి ఉంది. దానయ్య పడవ సూటిగా ఆమె మీదికే పోతోంది. తల్లి కోపగించలేదు. ఒక్క అడుగు పక్కకు జరిగింది.

“నీకు దారిచ్చాను. నా పెద్దరికమేమైనా తగ్గిందిరా, దానయ్యా?” అని అడిగింది.

కేకలు విని లేచాడు. గుడిలో విగ్రహం గోడవారకు జరిగి ఉందట. చచ్చినవాడి తప్పుకు అమ్మ అలిగిందని పెద్దలు తేల్చారు. తమ్ముడి తరఫున మన్నింపు వేడమని అసిరమ్మను తడిబట్టలతో గుడి ముందు నిలబెట్టారు. ఆమె సాగిలపడబోతుంటే దానయ్య అడ్డం వచ్చాడు.

“సుక్కాని నా సేతిలోనే ఉంది. ఆడు ఆగమన్నాడు. నేనే ఇన్లేదు,” అన్నాడు తల ఎత్తకుండా.

అసిరమ్మ అతడికి ఎదురుగా వచ్చి నిలబడింది. “ఆడేమన్నాడో మళ్లీ సెప్పు. అందరూ ఇననీ,” అంది.

దానయ్య మళ్లీ చెప్పాడు. అంతటితో ఆమె ఊరుకోలేదు. ఒడ్డున ఈలలు వేసిన ప్రతివాడూ తల దించుకునేదాకా అదే మాట చెప్పించింది.

విగ్రహాన్ని తిరిగి నడుమకు చేర్చబోతే కదలలేదు. నాటి నుంచి గంగమ్మ దారిచ్చిన తల్లి అయింది. నేటికీ ఏటా చేపలవేట నిషేధం ముగిసి పడవలు నీళ్లలో దిగే రోజున ఎల్లాజీ పేరిట మొదటి దీపం వెలుగుతుంది. ప్రతి తండేలూ పీఠం మీద చేయి ఆనించి, ఓడకు దూరం నుంచే తప్పుకుంటానని, పడవలో ఎవరు ఆగమన్నా ఆగుతానని ఒట్టు వేస్తాడు. దానయ్య వంశంవారిని ఎవరూ రావద్దనలేదు. అయినా వారు గడప బయటే నిలబడి ఒట్టు వేస్తారు.

ఈ తల్లిని సేవించినవారికి నీటిగండాలు తొలగుతాయని, వెంట ఉన్నవారి మాట మన్నించే బుద్ధి కలుగుతుందని భక్తుల విశ్వాసం. పడవలు తిరిగొచ్చే వేళ ఒడ్డున కొంచెం ఆగి చూడండి. ఆడవాళ్లు ముందుగా చేపల సంగతి అడగరు. “దారిచ్చారా?” అని అడుగుతారు. మగవాళ్లు వాళ్ల కళ్లలోకి చూసి జవాబు చెప్పాలి.