హాలంతా ఏడ్చిన రోజు

ఇందుమతి ప్రసంగం విని ఏడ్చిన మూడు వందల మంది ఆడపిల్లల్లో ఒకమ్మాయి, ఆమె మాట నమ్మి, ప్రాణం మీదకు తెచ్చుకుంది.

ఇందుమతి శ్రీకాకుళంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేది. సెలవు దొరికితే బడులకు వెళ్లి స్ఫూర్తినిచ్చే ప్రసంగాలు చేసేది. మంచి మనిషే. లోపం ఒక్కటే. ఎంతమంది ఏడిస్తే ప్రసంగం అంత బాగా కుదిరిందనుకునేది. పిలిచేవాళ్లూ అలాగే ఉండేవారు. "మేడమ్, పోయినేడు వచ్చినాయన ముందు వరసల్నే ఏడిపించగలిగారు. మీరు వెనక వరసలు కూడా చూసుకోవాలి," అనేవారు.

వెనక వరసల కోసం ఆమె దగ్గర ఒక కథ ఉండేది. చివరి పది నిమిషాల్లో పిల్లలందరినీ కళ్లు మూసుకోమనేది. గొంతు తగ్గించేది. కూతురి పరీక్షలు పాడవుతాయని తన కడుపునొప్పి ఎవరికీ చెప్పకుండా, పళ్లబిగువున కుట్టుమిషను ముందు కూర్చున్న ఒక తల్లి కథ చెప్పేది. "ఆ తల్లి నోరు విప్పలేదు. మరి మీరు? కాస్త తలనొప్పికే పుస్తకం మూసేస్తారు!" అనేసరికి వెక్కిళ్లు మొదలయ్యేవి.

పదో తరగతి పరీక్షలకు ఇరవై రోజుల ముందు, ఒక శుక్రవారం, పలాస వైపు ఒక బాలికల వసతి పాఠశాలలో ఈ కథే చెప్పింది. హాలంతా ఏడ్చింది. వంటమనుషులు కూడా కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఇందుమతి తృప్తిగా టీ తాగి బస్సెక్కింది.

ఆదివారం పదకొండింటికి అక్కడి వార్డెన్ రోజారమణి ఫోన్ చేసింది.

"మేడమ్, పదో తరగతిలో దమయంతి అని ఒక పిల్ల. పొద్దున స్నానాల గది దగ్గర పడిపోయింది. అపెండిక్స్ పగిలిందట. ఆపరేషన్‌కి తీసుకెళ్లారు."

"అయ్యో! ముందు నొప్పి రాలేదా?"

"శుక్రవారం పొద్దున్నుంచే ఉందటండీ. నాకు చెబుదామనుకుందట. మీ ప్రసంగం విన్నాక మానేసింది. పక్క మంచం పిల్ల అడిగితే, 'మేడమ్ చెప్పిన అమ్మ ఓర్చుకోలేదా? నేనూ ఓర్చుకుంటా' అందట."

రోజారమణి నిందించలేదు. ఉన్నమాట చెప్పి పెట్టేసింది.

ఇందుమతి దొరికిన బస్సెక్కింది. సీటు ఉన్నా సరిగ్గా కూర్చోలేకపోయింది. హాల్లో ఉన్నది మూడు వందల మంది. బయటపడింది ఒక్కరి సంగతి. మిగతావాళ్లు ఏమేం దాచుకుంటున్నారో? దారిలోనే వార్డెన్‌కి ఫోన్ చేసింది. "ఇంకెవరికైనా ఒంట్లో బాగోలేదేమో, ఒక్కొక్కరినీ పిలిచి అడిగించండి."

అరగంటలో జవాబు వచ్చింది. "ఇద్దరు జ్వరంతోనే చదువుతున్నారు మేడమ్. ఒకమ్మాయి కాలికి మేకు గుచ్చుకుని వాచిపోయింది. ఎవరూ చెప్పలేదు."

ఇందుమతి అంతకుముందు ఎన్ని బడుల్లో ఈ కథ చెప్పిందో గుర్తు తెచ్చుకోబోయి భయపడి మానేసింది.

ఆస్పత్రిలో ఆపరేషన్ గది ఎదుట నేల మీద దమయంతి తల్లి అప్పలనరసమ్మ కూర్చుని ఉంది. జీడిపిక్కలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్లు నల్లబడిపోయాయి. ఎవరొచ్చినా వాళ్లతో అదే మాట అంటోంది.

"నాకు పన్ను సలిపితేనే నా కేకలకి ఈది ఈదంతా లేచి కూకుంటాది. మా అమ్మా అంతే. మా ఇంటా వొంటా లేని ఈ దాపరికం మా గుంటకి ఎవులు నేర్పినారో!"

ఆమెకు ఇందుమతి ఎవరో తెలియదు. ఊరుకుంటే సరిపోయేది. ఇందుమతి ఆమె ఎదుట కూర్చుని, "నేనేనమ్మా," అంది. జరిగిందంతా చెప్పింది.

అప్పలనరసమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "సదూకున్నదానివి. నొప్పొస్తే సెప్పాలని నీకు తెల్దేటి?" అంది. మళ్లీ తనే, "నా మాట దానికి సెవికెక్కదు. నీ మాట ఇంతాది కదా. అది కళ్లు తెరిస్తే నువ్వే సెప్పు. అందాకా ఎల్లకు," అంది.

డాక్టరు బయటికి వచ్చి, "లోపలంతా చీము పాకింది. శుభ్రం చేశాం. రెండు రోజులు గడిస్తేగానీ ఏమీ చెప్పలేను. శుక్రవారమే తెచ్చుంటే ఇంతదాకా వచ్చేది కాదు," అన్నాడు.

ఆ రెండు రోజులూ ఇందుమతి అక్కడే ఉంది. తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడేది. అప్పలనరసమ్మ ఆమె వైపు చూసేది కాదు. తను తెచ్చుకున్న అన్నంలో సగం మాత్రం ఆమె పక్కన పెట్టేది.

మూడో రోజు జ్వరం దిగింది. గండం గడిచిందన్నారు. దమయంతి ఇందుమతిని గుర్తుపట్టి నీరసంగా అడిగింది.

"మేడమ్, ఆ అమ్మ తర్వాత ఏమైందండీ?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఏడ్చినవాళ్లు కళ్లు తుడుచుకుని వెళ్లిపోయేవారు.

"ఆ అమ్మ లేదు. నేనే కల్పించాను," అంది ఇందుమతి.

"మరి నేనెవర్ని చూసి ఓర్చుకున్నానండీ?"

ఇందుమతి మంచం దగ్గరకు జరిగింది. "తప్పు నాది. నొప్పొస్తే చెప్పాలి. పరీక్ష మధ్యలో వచ్చినా లేచి చెప్పాలి," అంది.

"ఇన్నావేటే? మేడమే సెప్తంది!" అంది అప్పలనరసమ్మ.

మర్నాడు ఇందుమతి అదే హాల్లో, అదే పిల్లల ముందు నిలబడింది. ఆ కథ అబద్ధమని చెప్పింది. ఎవరూ ఏడవలేదు. కొందరికి కోపం వచ్చింది. ఒకమ్మాయి లేచి, "అయితే మేం ఏడ్చిందంతా ఉత్తదేనా?" అని నిలదీసింది. ఇందుమతి అవునంది.

ఇకమీదట ఎవరినీ కళ్లు మూసుకోమనకూడదనీ, ప్రసంగం అయ్యాక "నా మాటలు విని రేపు ఏం చేద్దామనుకుంటున్నారు?" అని పిల్లలను అడిగి, ఆఖరి పిల్ల జవాబు వినేదాకా కదలకూడదనీ ఆరోజే నిర్ణయించుకుంది. ఆమెను పిలిచేవాళ్లు సగానికి తగ్గారు. పద్నాలుగేళ్లయింది, ఆ నిర్ణయం ఒక్కసారి కూడా తప్పలేదు.

మన మాట నమ్మినవాళ్లు దాంతో ఏం చేస్తారో ఆలోచించకుండా ఎవరూ మాట్లాడకూడదు. ఏడిపించగల నేర్పున్నవాళ్లు అలా అసలే మాట్లాడకూడదు.