పొట్నూరి అప్పలనరసయ్య ప్రసంగం

నవనీత్‌కి ఒక జబ్బు ఉండేది. ఎవరు మాట్లాడుతున్నా అందులో తప్పు దొరికేదాకా వాడికి స్థిమితం ఉండదు. దొరికాక ఇక వినబుద్ధి కాదు. మా తూర్పు ఆసియా అధ్యయన శాఖలో దాన్ని జబ్బు అనేవాళ్ళం కాదు, చురుకుదనం అనేవాళ్ళం.

ప్రతి గురువారం మధ్యాహ్నం మూడింటికి మాకు సెమినార్. చైనా మీదో, జపాన్ మీదో, కొరియా మీదో బయటినుంచి ఎవరో ఒకరు వచ్చి గంటసేపు మాట్లాడతారు. తర్వాత ప్రశ్నలు. నిజం చెప్పాలంటే మాలో సగం మంది వచ్చేది ఆ ప్రశ్నల కోసమే. "నాది ప్రశ్న కాదండీ, చిన్న పరిశీలన" అంటూ లేచి పది నిమిషాలు దంచడం మా దగ్గర పెద్ద విద్య. నవనీత్ అందులో ఆరితేరాడు. రెండేళ్ళు జపాన్‌లో చదివొచ్చాడు. శాఖ అధిపతి విశాలాక్షి మేడమ్‌కి వాడంటే ప్రాణం.

ఆ వారం వచ్చిన అతిథి ప్రొఫెసర్ కాదు. పొట్నూరి అప్పలనరసయ్య గారు విశాఖ ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఎనభై దాటాయి. ఇనుప ఖనిజం కోసం వచ్చే ఒక జపాన్ ఓడలో వంటవాడితో ఆయనకి పదకొండేళ్ళ స్నేహం. ఆ వంటవాడిది తుఫానులో పడవలన్నీ పోగొట్టుకున్న ఒక చేపలపల్లె. ఆ ఊరి ఆడవాళ్ళు వలలు లాగుతూ పాడే పాటలు పదహారు అతను ఈయనకి నేర్పాడు. జపాన్ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకుని, పక్కన అర్థం రాసుకుని, ఈయన ఒక లాంగు నోటుబుక్కు నింపారు. వంటవాడు పోయాడు. ఊరూ లేదిప్పుడు. ఆ పాటలు ఆ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేవని మేడమే కనిపెట్టి, ఆయన్ని రైల్లో పిలిపించారు. ఇదంతా ఆమె ఆహ్వాన పత్రంలో రాసిన సంగతే, కాబట్టి మాకు తెలుసు.

ఆయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొచ్చారు. మైకుకి కూడా దణ్ణం పెట్టారు. మొదలుపెట్టిన అయిదో నిమిషంలో తుఫాను ఏ ఏడు వచ్చిందో చెప్పారు. నవనీత్ లాప్‌టాప్ తెరిచాడు.

ఆ తర్వాత అరగంట ఆయన ఏం చెప్పారో దేవుడికి తెలియాలి. నవనీత్ జపాన్ వాతావరణ శాఖ పట్టికలు వెతుకుతున్నాడు. పక్కవాడు తొంగిచూస్తున్నాడు. వెనకవాళ్ళు మెడలు సాచారు. నేనూ సాచాను.

"ఇప్పుడు ఆ పాటలు పాడతానండి," అన్నారు అప్పలనరసయ్య గారు, పుస్తకం తెరిచి.

నవనీత్ లేచాడు. "పాటల కన్నా ముందు ఒక చిన్న పరిశీలన. మీరన్న ఏడాది ఆ తీరంలో తుఫానే లేదు సార్. ముందూ వెనకా నాలుగేళ్ళలో కూడా లేదు. మూలమే తప్పైనప్పుడు, ఈ పాటలు ఆ ఊరివే అని మేం ఎట్ల నమ్మాలె?"

హాల్లో నవ్వులు వినిపించాయి. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఎందుకు దాచాలి?

ఆయన చాలాసేపు పుస్తకంలోకి చూశారు. "ఆడు అలాగే సెప్పేడు బాబూ," అన్నారు. తర్వాత పుస్తకం మూసేశారు. "సదువుకున్నోలు మీరు. మీకు తెలిసే ఉంటాది." మైకుకి మళ్ళీ దణ్ణం పెట్టి దిగిపోయారు. మేడమ్ ఎంత బతిమాలినా టీ కూడా తాగలేదు.

మా శాఖలో ఒక పద్ధతి ఉంది. ప్రసంగాల్ని రికార్డు చేయనివ్వరు మేడమ్. మెషీను వింటుందిలే అని మనుషులు వినడం మానేస్తారని ఆమె అభిప్రాయం. బదులుగా ఒక రిజిస్టరు. అతిథి చెప్పినదంతా ఎవరో ఒకరు అందులో రాసి, మరుసటి గురువారం చదివి వినిపించాలి.

మర్నాడు మేడమ్ రిజిస్టరు నవనీత్ చేతికిచ్చారు. సాయంత్రానికల్లా రెండు పేజీలు రాసుకొచ్చాడు. ఆమె చదివి, మెల్లగా ఆ రెండు పేజీలూ చింపి వాడికే ఇచ్చారు.

"ఇది నువ్వు చెప్పింది. ఆయనేం చెప్పారో రాయి."

"మేడమ్, నేను చెప్పింది తప్పా?"

"కాదు. నూటికి నూరుపాళ్ళూ నిజం. ఇప్పుడు ఆయన చెప్పింది రాయి."

వాడు మా అందరి దగ్గరికీ వచ్చాడు. హాస్టల్లో గదిగదికీ తిరిగాడు. తుఫాను సంవత్సరం అందరికీ గుర్తుంది. వంటవాడి పేరు ఒక్కరికీ గుర్తులేదు. వాడి మొహం అలా పాలిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రాత్రే విశాఖ రైలెక్కాడు.

సోమవారం తిరిగొచ్చాడు. తిన్నగా మేడమ్ గదికి వెళ్ళాడు. నేను అక్కడే కాగితాలు సర్దుతున్నాను.

"ఆ పుస్తకం లేదు మేడమ్," అన్నాడు. "ఇంటికెళ్ళిన రోజే నీళ్ళపొయ్యిలో పెట్టేసిండట. మనవరాలికి ఇద్దామనుకున్నడట. తప్పులు పిల్లకెందుకని..."

మేడమ్ చేతిలోని పెన్ను కింద పెట్టారు.

"కాళ్ళు పట్టుకున్నా మేడమ్. నోటికైనా వచ్చు కదా, పాడమన్నా. వచ్చు అన్నడు. కానీ ఏది నిజమో ఏది కాదో నాకేటి తెలుస్తాది బాబూ, అన్నడు. నా మీద కోపం కూడా లేదు. చేపల పులుసు చేయించి దగ్గర కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిండు. స్టేషన్ దాకా వచ్చిండు. తిట్టినా బాగుండేది."

ఉన్నట్టుండి అడిగాడు. అడగడం కాదు, దాదాపు అరిచాడు. "మీరు ముందు వరసలోనే ఉన్నారు కదా. నన్నెందుకు ఆపలేదు?"

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నా శిష్యుడు తప్పు పట్టాడని సంతోషపడ్డాను," అన్నారు. "నేనూ నీ లాప్‌టాప్ వైపే చూస్తున్నాను, నవనీత్. వంటవాడి పేరు నాకూ తెలీదు."

ఆమెని గురువుగా ఎరిగిన పదేళ్ళలో ఆమె గొంతు అంత చిన్నగా వినలేదు. నేను కాగితాలు అక్కడే వదిలేసి బయటికొచ్చేశాను.

ఆ గురువారం మేడమ్ కొత్తగా ఎవరినీ పిలవలేదు. అయినా మూడింటికల్లా అందరం వచ్చాం. వేదిక మీద కుర్చీ, నీళ్ళ గ్లాసు, మైకు మామూలుగానే పెట్టించారు. నవనీత్ లేచి రిజిస్టరు తెరిచాడు.

"అతిథి, పొట్నూరి అప్పలనరసయ్య గారు, విశాఖపట్నం," చదివాడు. "అంశం, ఒక పల్లె, పదహారు పాటలు."

అక్కడితో ఆగిపోయాడు. కింద ఏమీ రాసి లేదు.

మేడమ్ వాడిని కూర్చోమనలేదు. మమ్మల్నీ లేవమనలేదు. ముందు వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని ఖాళీ కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నారు. పది నిమిషాలయ్యాక ఎవరో దగ్గారు. అరగంటయ్యాక వెనక ఒకమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. నవనీత్ నిలబడే ఉన్నాడు, తెరిచిన రిజిస్టరు రెండు చేతుల్లోనూ పట్టుకుని. నేను ఆ వంటవాడి పేరు కోసం బుర్రంతా వెతికాను. దొరకలేదు.

సరిగ్గా నాలుగింటికి మేడమ్ లేచి మా వైపు తిరిగారు. ప్రతి గురువారం అనే మాటే అన్నారు.

"ప్రసంగం అయింది. ఇక ప్రశ్నలు."