ఆరని పూత మీద వేలిముద్ర

నూకరాజుకు ఏదైనా ఆరేదాకా ఆగడం చేతకాదు.

ప్లాస్టిక్ ఓడలు, విమానాలు అతికించి రంగులు వేసుకునే సరదా ఉన్నవాళ్లు విశాఖపట్నంలో కొద్దిమందే. పెట్టెలో ముక్కలుగా వస్తాయవి. ముక్కలు అతికించాలి, అతుకులు నున్నగా అరగదీయాలి, ఆ పైన బూడిదరంగు ప్రైమర్ కొట్టాలి. ఆ పూత పూర్తిగా ఆరాకగానీ అసలు రంగు జోలికి పోకూడదు. ఇంటి తలుపులకు రంగు వేయించిన ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. పెయింటరు ముట్టుకోవద్దని చెప్పి అటు వెళ్లగానే, ఇంట్లో ఎవరో ఒకరు వెళ్లి ముట్టుకుంటారు. నూకరాజు ఆ బాపతు. పైగా అది సముద్రపు గాలి వీచే ఊరు. తీగ మీద వేసిన చొక్కా మర్నాటికీ చెమ్మగానే ఉంటుంది. ఇక ప్రైమర్ మాట చెప్పాలా.

అతని గురువు జలాలుద్దీన్ మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. డ్రాయింగు మాస్టారంటే ఆ రోజుల్లో లెక్కల మాస్టారు రాని పీరియడుకు పంపే మనిషి. పిల్లలు అల్లరి చేస్తూనే ఉంటారు, ఆయన బోర్డు మీద కూజా బొమ్మ గీస్తూనే ఉంటారు. అందుకేనేమో ఆయనకు మనుషుల్ని కసరడం అలవాటు కాలేదు. పాత పోస్టాఫీసు దగ్గర సందులో చిన్న ఇల్లు. వరండాలో ఒక బల్ల, దాని మీద రంగు సీసాలు, కుంచెలు. సరదా ఉన్నవాళ్లు సాయంత్రాలు అక్కడికి చేరేవారు.

ఆ సాయంత్రం నూకరాజు ఒక్కడే వచ్చాడు. చెప్పుల పెట్టెలో గుడ్డ పరిచి, ఒక టగ్గు బోటు పెట్టుకొచ్చాడు. పెద్ద ఓడల్ని రేవులోకి లాక్కొచ్చే పొట్టి పడవ. దాని పక్క భాగంలో, ప్రైమర్ మీద, బొటనవేలి ముద్ర.

కానీ అతన్ని నిద్రపోనివ్వనిది ఆ ముద్ర కాదు.

క్రితం వారం అతని భార్య సత్యవేణి గది ఊడుస్తూ, బల్ల మీది పడవను పక్కకు జరపబోయింది. పొగగొట్టం విరిగింది. నూకరాజు అది చూసి, "నీ చేతుల్లో ఏదీ నిలవదు" అన్నాడు.

అతను అన్నది పొగగొట్టం గురించే. కానీ అంతకు ముందు ఏడాది ఆమెకు ఏడో నెలలో, కడుపులోనే బిడ్డ పోయింది.

సత్యవేణి పోట్లాడలేదు. చీపురు గోడకు ఆనించి, నాలుగు బట్టలు సర్దుకుని ఎలమంచిలిలో అక్క ఇంటికి వెళ్లిపోయింది. అప్పటినుంచి నూకరాజు రోజూ దీపాలు పెట్టే వేళకు ఫోన్ చేస్తున్నాడు. తాను ఆ ఉద్దేశంతో అనలేదంటాడు. ఏ ఉద్దేశంతో అన్నాడో విడమరిచి చెబుతాడు. కోపం పోయిందా అని అడుగుతాడు. నిన్న అలా చెబుతూ చెబుతూ, అయినా పడవను ముట్టుకోవద్దని ముందే చెప్పాను కదా అనేశాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.

ఇదంతా అతను వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ చెప్పాడు. మధ్యలో పడవ సంగతి, మధ్యలో భార్య సంగతి. ప్రైమర్ ఎందుకు ఆరడంలేదని అడిగి, జవాబు వినకుండానే ఇవాళ ఫోన్లో మొదట ఏమనాలని అడిగాడు. మాస్టారు పడవను వెలుతురుకు తిప్పి చూశారు.

"డిగ్రీ చదివినవాడివి, వేలిముద్ర వేశావేం రాజూ?"

"ఆరిందో లేదో చూశానండి."

"ఆరిందా?"

"లేదండి. పైన ఇంకో పూత కొడితే కప్పబడిపోతుంది కదండీ?" అన్నాడు.

మాస్టారు స్ప్రే డబ్బా తీసి అతని చేతికిచ్చారు. నూకరాజు డబ్బా బాగా కుదిపి, చక్కగానే కొట్టాడు. తడి మెరుపులో ముద్ర మాయమైనట్టే ఉంది. అతని మొహం వికసించింది. ఇద్దరూ వంగి చూస్తున్నారు. మెరుపు తగ్గుతున్నకొద్దీ, కొత్త పూత కింద నుంచి గీత తర్వాత గీత పైకి తేలింది. ముందుకంటే స్పష్టంగా.

"ఇంకొకటి కొట్టనా?"

మాస్టారు డబ్బా వెనక్కి తీసుకున్నారు. లోపలికి వెళ్లి వంటింట్లోంచి సత్తు గిన్నె ఒకటి తెచ్చి పడవ మీద బోర్లించారు. దాని మీద అరచెయ్యి వేసుకుని కుర్చీలో కూర్చున్నారు.

"ఎప్పటికి ఆరుతుందండీ?"

"తెలీదు."

"మరి ముట్టుకోకుండా ఎలా తెలుస్తుంది?"

"రంగు వాసన పోతుంది. అప్పుడు."

"మరి ఆ ముద్ర?"

"గట్టిపడ్డాక, నీళ్లు తడుపుకుంటూ మెల్లగా రుద్దుకోవచ్చు. పచ్చి మీద ఎవరూ ఏమీ చెయ్యలేరు."

సందులో వీధి దీపం వెలిగింది. నూకరాజు జేబులోంచి ఫోన్ తీశాడు. గిన్నె వైపు చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ తీశాడు. మాస్టారు ఫ్లాస్కులోంచి రెండు గ్లాసుల్లో టీ పోశారు, ఒక చేత్తోనే. రెండో చెయ్యి గిన్నె మీది నుంచి తియ్యలేదు. నూకరాజు టీ తాగడం మరిచిపోయి గ్లాసు పట్టుకునే తిరిగాడు. రోజూ ఫోన్ చేసే వేళ దాటింది. చెయ్యకపోతే ఆమె ఏమనుకుంటుందో, చేస్తే తాను ఏమనేస్తాడో, రెండూ భయమే.

టీ మీద మీగడ కట్టింది. అప్పుడు ఫోనే మోగింది.

"ఇవాళ చెయ్యలేదేం?" అంది సత్యవేణి.

"వేణీ, నేను ఆ ఉద్దేశంతో..."

ఆగిపోయాడు. మాస్టారు అతని వైపు చూడటంలేదు. సందులోకి చూస్తున్నారు. అరచెయ్యి మాత్రం గిన్నె మీదే ఉంది.

వారం నుంచి వల్లెవేసిన మాటలన్నీ నూకరాజు నాలుక చివరకు వచ్చాయి. పెదవి పంటితో నొక్కిపట్టాడు.

"ఉన్నారా?" అంది.

"ఉన్నాను."

ఎలమంచిలిలో ఏదో రైలు వెళుతున్న చప్పుడు వచ్చి, పోయింది.

"ఆ రోజు ఆస్పత్రిలో మీరు మందులకని కిందికి వెళ్లారు," అంది సత్యవేణి. "నర్సు బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. మీరు వచ్చేలోగా తీసుకెళ్లిపోయారు. మీకు చెప్పలేదు."

నూకరాజు టీ గ్లాసు కింద పెట్టి, వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

"చెప్పు," అన్నాడు.